నాన్న కొట్లో గుండు బల్బులు

మొన్న నాన్న సంవత్సరీకానికి మండపేట వెళ్ళాను. కార్యక్రమం అయ్యి చుట్టాలంతా ఎవరి ఊళ్ళు వాళ్ళు వెళ్ళిపోయాక తమ్ముడు తాళాలు పట్టుకొచ్చి, "అన్నయ్యా, కొట్టు వచ్చే నెల నుంచి అద్దెకిచ్చేస్తున్నాను, నీక్కావలసినవేమైనా ఉంటే చూసుకో" అన్నాడు. షట్టరు ఎత్తి ఏడాది అయింది. బిగుసుకుపోయి ఉంది, ఇద్దరం కలిసి ఎత్తేసరికి చెమటలు పట్టాయి. లోపల పెద్దగా ఏమీ మిగల్లేదు. తుప్పు పట్టిన ఫ్యాను రెక్కలు, చుట్టలు చుట్టిన వైరు ముక్కలు, ఓ గోనెసంచి నిండా పాత చోకులు, స్విచ్చులు. అటక మీద మాత్రం ఒక అట్టపెట్టె కనపడింది. దించి విప్పితే, మడతల అట్టలో దేనికది విడిగా చుట్టిపెట్టిన గుండు బల్బులు. 40 వాట్లవి. లెక్కపెడితే పదకొండు ఉన్నాయి.

కౌంటరు మీద టెస్టింగు బోర్డు అలాగే ఉంది. తమ్ముడు మెయిన్ వేశాడు. ఒక బల్బు తీసి హోల్డర్లో పెట్టి, నొక్కి తిప్పి, స్విచ్ వేశాను. వెలిగింది. ఇన్నేళ్ళ తరవాత కూడా వెలిగిందే అని ఇద్దరం సంతోషపడ్డాం, అంతే. ఒక నిమిషం గడిచాక వచ్చింది వాసన. గాజు మీదా హోల్డరు మీదా పేరుకున్న దుమ్ము వేడికి మాడే వాసన. ఎవరో వెనక నుంచి భుజం మీద చెయ్యి వేసినట్టయింది నాకు. నాన్న కూర్చునే స్టూలు మీద కూలబడిపోయాను. ఇంటికొచ్చి నాన్న నన్ను ఒళ్ళోకి తీసుకుంటే ఆయన చొక్కాలోంచి వచ్చే వాసన అది. వైర్ల రబ్బరు, సోల్డరింగు మైనం, చెమట కూడా కలిసేవి గానీ, వాటన్నిటికీ అడుగున ఈ మాడిన దుమ్ము వాసనే ఉండేది.

అప్పటి నుంచి ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తూనే ఉన్నాయి. ఎక్కడో ఒకచోట రాసి పెట్టకపోతే నిద్ర పట్టేలా లేదు.

*

ఇప్పుడు బల్బు కొనడమంటే పెట్టె తీసుకుని డబ్బులిచ్చి వచ్చేయడమే. అప్పుడలా కాదు. కొట్టుకొచ్చినాయన "ఒక అరవై ఇవ్వండి" అంటే నాన్న వెనక అరలోంచి బల్బు తీసి, ముందు చెవి దగ్గర పెట్టుకుని చిన్నగా ఊపేవాడు. లోపల తీగ తెగి ఉంటే గాజుకి తగిలి సన్నగా 'చిణ్' మంటుంది. దోమ రెక్కంత చప్పుడు. అది వినపడకపోతే వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూసి చూసేవాడు. తీగ రెండు కాళ్ళ మధ్య వంగి కూర్చుందా, ఎక్కడైనా సాగిందా అని. ఆ తరవాతే హోల్డర్లో పెట్టి వెలిగించేవాడు. "చూసుకోండి, వెలిగిందండి. ఇంక గడప దాటాక నా పూచీ లేదండి" అనేవాడు. ఈ మాట రోజుకి ఇరవై సార్లన్నా అని ఉంటాడు. ఆ బల్బు చల్లారేదాకా ఆగి, మడతల అట్టలోకి దోపి, పురికొస చుట్టి ఇచ్చేవాడు. కొన్నాయన సైకిలు హ్యాండిలుకి సంచీ తగిలించుకుని, గుంటల్లో దిగి నడిపించుకుంటూ, గుడ్లు తీసుకెళ్ళినంత జాగ్రత్తగా వెళ్ళేవాడు.

టెస్టింగు బోర్డు అంటే ఏమీ లేదు, ఒక చెక్క పలక మీద రెండు హోల్డర్లు, ఒక ప్లగ్గు. ఒక హోల్డరు నేరుగా కరెంటుకి, రెండోది ప్లగ్గుతో సిరీస్‌లో, అంటే బల్బులోంచి వెళ్ళిన కరెంటే ప్లగ్గులో పెట్టిన వస్తువులోంచీ వెళ్ళేలా. సిరీస్ హోల్డర్లో ఎప్పుడూ ఒక 100 వాట్ల బల్బు ఉండేది. ఇస్త్రీపెట్టె రిపేరుకొస్తే ప్లగ్గులో పెట్టేవాడు. కాయిలు తెగిపోయి ఉంటే బల్బు అసలు వెలగదు. షార్టయితే నిండుగా వెలుగుతుంది. బాగున్న పెట్టెకైతే నిండుగా కాదు, కాస్త తగ్గి. ఆ కాస్త అనేది ఎంతో నాకు చాన్నాళ్ళు కంటికి ఆనలేదు. నాన్న బల్బు వంక చూడకుండా, గోడ మీద పడే వెలుగు చూసి చెప్పేసేవాడు. మీటరు లాంటిది ఆయన దగ్గర ఒకటుండేది కానీ డ్రాయర్లోంచి బయటికి తీసేది చాలా తక్కువ.

*

సాయంత్రం కొట్టు ముందు దీపం వెయ్యగానే నాన్న తల ఎత్తి బల్బు వంక చూసి, "ఇవాళ ఓల్టేజి బానే ఉంది" అనో, "ఇవాళ లేదు" అనో అనేవాడు. వాన పడేలా ఉందా లేదా అని రైతు ఆకాశం వంక చూస్తాడే, అలా. లేని రోజులే ఎక్కువ. ఊరి చుట్టూ రైసు మిల్లులు, పొలాల్లో మోటార్లు. అన్నీ ఒకేసారి లాగుతుంటే మా ఇళ్ళల్లో బల్బులు ఎండుమిరపకాయ రంగుకి దిగిపోయేవి. బల్బులో తీగ చూడాలంటే మామూలుగా కళ్ళు చికిలించాలి, అప్పుడు మాత్రం దాన్ని తీరిగ్గా చూడొచ్చు. రెండు కొక్కేల మధ్య ఎర్రగా, నీరసంగా వేలాడుతూ ఉండేది. 230 ఓల్టులు రావలసింది 180 వస్తే, తగ్గింది యాభయ్యే కదా అనుకుంటాం. వెలుగు మాత్రం సగానికి కూడా ఆగదు, ఇంకా కిందికే పోతుంది. ఆ గుడ్డి వెలుగులోనే ఎక్కాలు, పద్యాలు, పదో తరగతి పరీక్షలు అన్నీ అయ్యాయి మాకు. పుస్తకంలో ఒత్తులు కనపడక ఎన్ని పదాలు ఊహించి చదువుకున్నామో.

రాత్రి పదకొండు దాటాక ఒక్కొక్క మిల్లూ ఆగేది. అప్పుడు చూడాలి. ఎవరూ ముట్టుకోకుండానే గదిలో వెలుగు మెల్లగా తేరుకుని, నారింజ నుంచి పసుపుకి, పసుపు నుంచి తెలుపుకి వచ్చేది. ఏ మిల్లు ఎప్పుడు ఆగిందో మంచం మీద పడుకునే తెలిసిపోయేది. నాన్నకి మాత్రం అప్పుడే దిగులు. 250 దాటితే బల్బు ఆయుష్షు మూడో వంతుకు పడిపోతుందని ఆయనకి లెక్కగా తెలియదు గానీ, మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు ఎంతమంది మాడిన బల్బులు పట్టుకుని నిలబడతారో అనుభవం మీద చెప్పేవాడు. "అమ్మకం ఉంటుంది కదా" అంటే ఒప్పుకునేవాడు కాదు. నిన్న కొన్నది ఇవాళ పోతే ఆ మనిషికి తనంటే నమ్మకం పోతుందని బాధపడేవాడు.

బల్బు ఎప్పుడూ స్విచ్ వేసే క్షణంలోనే ఎందుకు పోతుందని చిన్నప్పుడు అడిగాను. వెలిగే బల్బు వెలుగుతూ పోవడం అరుదు. టక్కుమని వేస్తే ఒక్కసారి నీలంగా మెరిసి పోతుంది. "చలికి బిగుసుకున్నవాణ్ణి లేపి ఒక్కసారి పరిగెత్తమంటే ఏమవుతుంది" అన్నాడు నాన్న. పెద్దయ్యాక చదువుకుంటే ఆయన చెప్పింది దాదాపు అదే. చల్లగా ఉన్న తీగకి కరెంటుని అడ్డుకునే శక్తి, వేడెక్కిన తీగతో పోలిస్తే పదిహేనో వంతు దాకా ఉంటుంది. అందుకని మొదటి క్షణంలో బోలెడంత కరెంటు దూసుకొస్తుంది. ఎక్కడో ఒకచోట ఆవిరై సన్నబడిపోయిన తీగ ఆ తాకిడికి ఆగలేదు. పాత బల్బు లోపల నల్లగా మసి పట్టినట్టు ఉంటుంది చూడండి, అది మసి కాదు, తీగలోంచి ఆవిరైపోయిన లోహమే.

*

మా మామ్మ మాత్రం బల్బు పోయింది అననిచ్చేది కాదు. దీపం పోయింది, ఆరిపోయింది అనకూడదు ఇంట్లో. "కొండెక్కిందిరా" అనేది. నూనె దీపానికి ఏ మర్యాదో బల్బుకీ అదే మర్యాద. సందెవేళ ఎవరు స్విచ్ వేసినా, చేతిలో ఏం పనున్నా వదిలేసి బల్బుకి దండం పెట్టుకుని, ఆ చేతులు కళ్ళకద్దుకునేది. వీధి అరుగు మీద కూర్చున్న పక్కింటివాళ్ళూ అంతే. కరెంటు పోయి వచ్చినా మళ్ళీ దండమే. ఒక్కోరోజు ఆరేడు సార్లు పోయి వచ్చేది, ఆరేడు సార్లూ పెట్టుకునేది.

దేవుడి గూట్లో ఎర్రది ఒక జీరో బల్బు ఉండేది. రాత్రంతా వెలగాల్సిందే. "దానికి మీటరు కదలదురా, జీరో అని పేరే ఉంది కదా" అని మామ్మ గట్టి నమ్మకం. నిజానికి అది 15 వాట్ల బల్బు. పాత మీటర్లలో తిరిగే పళ్ళేనికి అంత చిన్న వాడకం సరిగ్గా ఆనేది కాదు, అందుకే ఆ పేరు. నాన్న ఒకసారి నాకు దాని మీద అచ్చువేసి ఉన్న అంకె చూపించి, మామ్మకి చెప్పకు అన్నట్టు సైగ చేశాడు. మామ్మ పోయిన రోజు రాత్రి కూడా ఆ ఎర్ర వెలుగు గోడ మీద అలాగే ఉంది.

*

తొలకరి వానకి ఉసిళ్ళు వచ్చేవి. వీధి బల్బు చుట్టూ వేలకి వేలు. అమ్మ వెంటనే ఇంట్లో దీపాలన్నీ తీసేయించి, అరుగు మీద ఒక్క బల్బు ఉంచి, దాని కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెట్టేది. చీకట్లో కూర్చుని అన్నాలు తినేవాళ్ళం. పొద్దున్న లేచేసరికి పళ్ళెం నిండా రెక్కలు. బల్లికి ఆ రాత్రి పండగ.

*

బల్బు పోయాక కూడా దాని పని అయిపోయేది కాదు. అసలు మాకైతే అప్పుడే మొదలు.

ముందు అతికించడానికి చూసేవాళ్ళం. మాడిన బల్బుని చేతిలో పట్టుకుని, నెమ్మదిగా వంచుతూ, వేలితో టకటక కొడుతుంటే, తెగి వేలాడే కొస ఊగి ఊగి ఎప్పటికో అవతలి కొసకి కొక్కెంలా తగులుకునేది. ఊపిరి బిగబట్టి, కదలకుండా తీసుకెళ్ళి హోల్డర్లో పెట్టి స్విచ్ వేస్తే, కరెంటే దాన్ని అతికించేసేది. అలా బతికిన బల్బు మునుపటికన్నా తెల్లగా వెలిగేది. తీగ పొట్టిదైపోయింది కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతుంది. వారమో పది రోజులో. అతికించిన బల్బు అమ్మడం మాత్రం నాన్న ఏనాడూ చెయ్యలేదు, మేం ఇంట్లో వాడుకోవడానికే.

ఇంక అతకదు అని తేలితే సినిమా. మా వయసు వాళ్ళలో ఇది చెయ్యనివాళ్ళు ఉండరనుకుంటాను. బల్బు టోపీ చివర రెండు సీసం చుక్కలుంటాయి, వాటి మధ్య నల్లటి గాజు. దాన్ని మేకుతో పొడిచి పొడిచి ఊడగొట్టి, లోపలి గాజు కాడని శ్రావణంతో మెలిపెట్టి విరిచేస్తే, లోపలికి గాలి పోయేటప్పుడు చిన్న శబ్దం వచ్చేది, ఎవరో నిట్టూర్చినట్టు. తీగా కొక్కేలూ దులిపేసి, కడిగి, నిండా నీళ్ళు పోసి, మైనంతో మూతి మూసేవాళ్ళం. అదే మా లెన్సు. మిట్ట మధ్యాహ్నం ఇంటి వెనక గదిలో కిటికీలు మూసి, తలుపు కన్నంలోంచి ఒకడు బయట నిలబడి అద్దంతో ఎండని లోపలికి కొట్టాలి. ఆ ఎండకి అడ్డంగా ఫిలిం ముక్క, దాని ముందు నీళ్ళ బల్బు, ఎదురుగా నాన్న పంచె. ఫిలిం తలకిందులుగా పెట్టాలి, లేకపోతే హీరో తలకిందులుగా పడతాడు. సినిమా హాలు ఆపరేటరు దగ్గర తెగిన ముక్కలు అడిగి తెచ్చుకునేవాళ్ళం. బొమ్మ కదలదు. అంచులు వంకర్లు తిరిగి, మధ్యలో మాత్రం మొహం స్పష్టంగా పడేది. అద్దం పట్టుకున్నవాడి చెయ్యి వణికితే పంచె మీద హీరో కూడా వణికేవాడు. చూసినందుకు టికెట్టు ఒక జామకాయ.

*

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది కోళ్ళ షెడ్డు రాత్రి.

అనపర్తి వైపు కోళ్ళ ఫారాలు చాలా ఉండేవి, ఇప్పటికీ ఉన్నాయి. మా ఊరి చుట్టుపక్కల కూడా. వాళ్ళు నాన్నకి పెద్ద బేరం. బల్బులు ఒకటీ రెండూ కాదు, పెట్టెలకి పెట్టెలు తీసుకెళ్ళేవాళ్ళు, వెలుతురు కోసం కాదు, వేడి కోసం. గుడ్డులోంచి వచ్చి ఒక్కరోజే అయిన పిల్లలకి మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలి, ఆ తరవాత వారానికో ఐదు డిగ్రీలు తగ్గిస్తూ రావాలి. తల్లి రెక్కలు లేవు కదా. అందుకని రేకు గొడుగు కింద బల్బులు వేలాడదీసి, చుట్టూ రేకు కంచె కట్టి, కింద ఊక పోసి కాయితాలు పరుస్తారు. పిల్లకి రెండు వాట్ల చొప్పున అని నాన్న లెక్క.

ధనుర్మాసంలో ఒక రాత్రి, ఏ పదకొండో అయి ఉంటుంది, ఒక రైతు మోపెడ్ మీద వచ్చి తలుపు కొట్టాడు. "ఏవండీ, ఓల్టేజి ఒక్కసారి ఎగిరి బల్బులన్నీ పోయాయండి, పిల్లలు బిగుసుకుపోతున్నాయండి" అంటున్నాడు, పళ్ళు టకటకమంటున్నాయి చలికి. నాన్న లుంగీ మీదే కొట్టు తీసి, పెట్టె సైకిలుకి కట్టి, పెట్టె కదలకుండా పట్టుకోవడానికి నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. షెడ్డులోకి వెళ్ళేసరికి కుంపట్లలో బొగ్గులు రాజేసి పెట్టారు గానీ చాలడం లేదు. టార్చిలైటు వేస్తే, కంచెకి ఒక మూల పసుపు రంగు ముద్దలా పోగుపడి ఉన్నాయి పిల్లలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి. కింద ఉన్నవాటికి ఊపిరి ఆడదు. అన్నీ కలిసి సన్నగా, ఆపకుండా ఒకటే అరుపు. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

నాన్న ఒక్కో బల్బూ పెట్టాడు. వెలిగించాక గొడుగు తాడు కొంచెం దించి, తన అరచేతిని నేల మీద, పిల్ల వీపు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పెట్టి చూశాడు. మళ్ళీ రెండంగుళాలు పైకి లాగాడు. మళ్ళీ చెయ్యి పెట్టాడు. రైతు ఒక పక్క నుంచీ మేం ఒక పక్క నుంచీ పిల్లల్ని దోసిళ్ళతో తీసి వెలుగు కిందికి చేర్చాం. నా దోసిట్లో ఉన్నది మొదట రాయిలా ఉంది. బల్బు కింద అలాగే పట్టుకుని కూర్చుంటే కాసేపటికి దాని గుండె నా వేలికి తగిలింది. మెల్లగా పోగు విడిపోయింది. అరుపు తగ్గి కిచకిచలోకి దిగింది. "మరీ వేడైతే అంచులకి పారిపోతాయి, చాలకపోతే పోగుపడతాయి, ఇలా ముగ్గు చల్లినట్టు పరుచుకున్నాయంటే సరిపోయినట్టు" అన్నాడు నాన్న. చాలా పిల్లలు దక్కాయి, కొన్ని పోయాయి. తెల్లారేదాకా అక్కడే ఉన్నాం.

బల్బులోకి వెళ్ళే కరెంటులో వెలుగయ్యేది నూటికి ఐదు వంతులే, మిగతా తొంభై అయిదూ వృథాగా వేడైపోతుందని తరవాత పుస్తకాల్లో చదివినప్పుడల్లా, ఆ 'వృథా' అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోతాయి.

*

ఇంటర్‌లో ఫిజిక్సు మాస్టారు చెప్పిన పాఠం ఇంటికొచ్చి నాన్నకి అప్పజెప్పాను. ఎడిసన్ 1879లో వెలిగించింది బొగ్గు చేసిన నూలుపోగు, మన బల్బులో ఉన్నది అది కాదు, టంగ్‌స్టన్ అనే లోహం అని. దానికన్నా ముందు ఆస్మియం, టాంటలం లాంటివీ వాడి చూశారు. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీలు దాటాలి, అంత మొండి లోహం ఇంకోటి లేదు. ఆ మొండితనమే చిక్కు కూడా, తీగ తియ్యబోతే పెళుసుగా విరిగిపోయేది. 1904లో ఇద్దరు, జస్ట్, హనమన్ అనేవాళ్ళు దాంతో ఫిలమెంటు (బల్బులో వెలిగే తీగ) చేసి హంగరీలో పేటెంటు తీసుకున్నారు. అదీ పెళుసే. 1910 ప్రాంతంలో అమెరికాలో కూలిడ్జ్ అనే ఆయన దాన్ని విరగకుండా సన్నగా సాగదీసే పద్ధతి కనిపెట్టాడు. ఆ తరవాత లాంగ్‌మ్యూర్ వచ్చి, తీగని చుట్టలు చుట్టి, గాజులో మామూలుగా దేనితోనూ కలవని వాయువు నింపి, తీగ ఆవిరవడం బాగా తగ్గించాడు.

నాన్న మొత్తం విన్నాడు. ఒక మాడిన బల్బు పగలగొట్టి, చిమటాతో తీగ తీసి, తెల్ల కాయితం మీద పెట్టి, ఇద్దరం భూతద్దంతో చూశాం. కంటికి తిన్నగా కనపడే ఆ పోగు నిజానికి స్ప్రింగు. ఆ స్ప్రింగుని కూడా మళ్ళీ స్ప్రింగులా చుట్టారు. చుట్టలన్నీ విప్పితే అర మీటరు దాటుతుంది, మందం తల వెంట్రుక కన్నా తక్కువ. అది 2,500 డిగ్రీల దగ్గర మన నెత్తి మీద వేలాడుతూ వెలుగుతుంది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను, దీన్నింత సన్నగా లాగినాయన పేరు ఇవాళ తెలిసింది" అన్నాడు. ఆ కాయితం మడిచి, తీగతో సహా, డ్రాయర్లో దాచుకున్నాడు.

*

ట్యూబులైట్లు వచ్చాయి, తరవాత సీఎఫ్‌ఎల్‌లు, ఆ తరవాత ఎల్‌ఈడీలు. 2015లో ఎల్‌ఈడీ బల్బులు తక్కువ ధరకి ఇచ్చే ప్రభుత్వ ఉజాలా పథకం మొదలయ్యాక గుండు బల్బు అడిగేవాళ్ళు దాదాపు లేరు. నాన్న దాని మీద ఎప్పుడూ విసుక్కోలేదు. 60 వాట్ల పని 9 వాట్లతో అవుతుంటే, పేదింటి బిల్లు తగ్గుతుంటే, అది మంచిదేగా అనేవాడు. నేనూ ఒప్పుకుంటాను, హైదరాబాదులో మా ఇంట్లో ఉన్నవన్నీ అవే. కానీ ఎల్‌ఈడీ అమ్మేటప్పుడు కూడా ఆయన అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. ఏమీ వినపడేది కాదు. ఓల్టేజి తగ్గినా పెరిగినా దాని మొహంలో ఏ మార్పూ ఉండదు. సాయంత్రం దీపం వేశాక తల ఎత్తి చూసేవాడు, చూసి ఏమీ అనేవాడు కాదు. చివరి నాలుగైదేళ్ళు కౌంటరు పైన మాత్రం పట్టుబట్టి ఒక 100 వాట్ల బల్బు ఉంచుకున్నాడు.

డ్రాయర్లో ఆ కాయితం కోసం వెతికాను మొన్న. దొరికింది. మడత దగ్గర చిరిగిపోయింది, తీగ లేదు.

మేమింకా సర్దుతుండగానే చీకటి పడింది. అమ్మ మాకు కాఫీ పట్టుకుని వచ్చింది. నాన్న పోయాక అమ్మ కొట్టు మెట్లెక్కడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. టెస్టింగు బోర్డు మీద ఆ 40 వాట్ల బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. ఫ్లాస్కు కింద పెట్టి, దండం పెట్టుకుని, చేతులు కళ్ళకద్దుకుంది. తరవాత కాసేపు బల్బు వంకే చూసి, "ఇవాళ ఓల్టేజి బానే ఉన్నట్టుందిరా" అంది.